గుడ్డు, పాలు, పంచదార లేని పుట్టినరోజు కేకు: లోపల బంకగా ఎందుకు మిగులుతోంది?

ఒడిశాలోని రాయగడ నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. వచ్చే నెల వాళ్ళ బాబుకి ఏడాది నిండుతుంది. బాబుకి ఆవు పాలు పడవు, గుడ్డు ఇంకా అలవాటు చెయ్యలేదు. తాతగారికి షుగరు. ఇంటిల్లిపాదీ తినగలిగే కేకు ఒకటి చెయ్యాలని గోధుమ పిండి, ఖర్జూరం, అరటిపండ్లతో రెండుసార్లు ప్రయత్నించారట. రెండుసార్లూ పైన నల్లబడింది, లోపల బంకగా ఉండిపోయింది. పంచదార లేకుండా కేకు అసలు కుదురుతుందా, స్టీవియా (ఒక మొక్క ఆకుల నుంచి తీసే తీపి పొడి) వేస్తే బాగుపడుతుందా అని అడుగుతున్నారు.

కుదురుతుందమ్మా. మీరు వేసిన సరుకుల్లో తప్పేమీ లేదు. పండు గుజ్జు ఎక్కువైంది, టిన్నులో పిండి లోతు ఎక్కువైంది, ఓవెను వేడి ఎక్కువైంది. ఈ మూడూ సరిచేస్తే చాలు. స్టీవియా ఈ కేకుకి పనికిరాదు, బాబుకైతే అసలే వద్దు. ఇంకో మాట ముందే చెప్పేస్తాను. పంచదార వెయ్యని కేకు, పండ్లలో ఉండేదాంతో సహా ఏ చక్కెరా లేని కేకు ఒకటి కాదు. తాతగారి సంగతి దగ్గరికి వచ్చినప్పుడు దీని గురించి వివరంగా రాస్తాను.

నేను ఉండేది పర్లాకిమిడిలో. పన్నెండేళ్ళుగా ఇంట్లోనే కేకులు చేసి ఇస్తున్నాను. మొదట్లో మా ఇంట్లో ఓవెను కూడా లేదు, పాత కుక్కర్లో ఇసుక పోసి చేసేదాన్ని. గుడ్డు లేని కేకులు అప్పట్నుంచీ అడిగేవారు. కార్తీక మాసంలో ఇటు తెలుగువాళ్ళూ అటు ఒడియావాళ్ళూ నీచు ముట్టరు కాబట్టి ఆ నెలంతా నా ఓవెను దగ్గరికి గుడ్డు రాదు. పాలు కూడా లేకుండా, పంచదార కూడా లేకుండా అడగడం మాత్రం ఈ ఐదారేళ్ళలోనే మొదలైంది.

మీకు కేకు ఎందుకు చెడిందో చెప్తాను. కేకులో పంచదార తీపి కోసమే అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని, ఒకసారి మామూలు కొలతల్లోంచి పంచదార తీసేసి మిగతావన్నీ అలాగే ఉంచి చేశాను. ఇటుక తయారైంది. పంచదార నీటిని పట్టి ఉంచుతుంది, అందుకే కేకు మర్నాటికీ మెత్తగా ఉంటుంది. పిండిలో గ్లూటెన్ (గోధుమ పిండికి సాగే గుణమిచ్చే ప్రోటీను) బిగిసి సాగకుండా అడ్డుపడుతుంది. వీటికంటే పెద్ద పని ఇంకొకటి ఉంది. పిండిలోని గంజి ఉడికి గట్టిపడాలంటే కొంత వేడి కావాలి కదా, పంచదార ఉంటే ఆ వేడి ఇంకాస్త ఎక్కువ కావాలి. అంటే కేకు బిగుసుకోవడం కొంచెం ఆలస్యమవుతుంది, ఆలోపు బుడగలు పెరిగి కేకు పొంగుతుంది. పంచదార లేకపోతే సగం పొంగేసరికే బిగుసుకుపోతుంది.

స్టీవియా తీపి ఇస్తుంది తప్ప ఈ మూడు పనుల్లో ఒక్కటీ చెయ్యదు. ఖర్జూరం మాత్రం మూడూ కొంతవరకు చేస్తుంది. కారణం రహస్యమేమీ కాదు, ఖర్జూరం బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరే.

అయితే ఖర్జూరంలో ఉండేది ఎక్కువగా గ్లూకోజు, ఫ్రక్టోజు. ఇవి పంచదార కంటే తక్కువ వేడికే రంగు తిరుగుతాయి. అందుకే మామూలు కేకులాగా 180 డిగ్రీల్లో పెడితే పైన నల్లబడుతుంది. అది చూసి అయిపోయిందని మనం తీసేస్తాం. లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. మీకు రెండుసార్లూ జరిగింది ఇదే అనుకుంటున్నాను. దీనికి 160, 165 డిగ్రీలు దాటకూడదు.

ఇక బంక సంగతి. గుడ్డు లేదన్న బెంగతో చాలామంది అరటిపండు రెండు, అవిసె గింజల పొడి ఒక చెంచా, పైన ఆపిల్ గుజ్జు కూడా వేసేస్తారు. ఒక గుడ్డుకి బదులు ఒక పెద్ద చెంచా అవిసె పొడి, మూడు పెద్ద చెంచాల నీళ్ళు అన్న లెక్క సరైనదే. కానీ ఖర్జూరం గుజ్జే ఒక జిగురు, అరటిపండు రెండో జిగురు, అవిసె మూడోది. ఖర్జూరం వేసిన కేకులో ఇంకొక్క జిగురు చాలు, అదీ కొంచెమే. నేను చిన్న అరటిపండు ఒక్కటి వేస్తాను. అవిసె వెయ్యను.

ఆరంగుళాల గుండ్రటి టిన్నుకి నా కొలతలు ఇవి. గోధుమ పిండి 110 గ్రాములు, చోడి పిండి 40 గ్రాములు (రాగి పిండే, మావైపు చోళ్ళంటాం, మీకు సంతలో మాండియా అంటే ఇస్తారు). గింజ తీసిన మెత్తటి ఖర్జూరం 120 గ్రాములు. బాగా మగ్గిన చిన్న అరటిపండు ఒకటి, తొక్క తీశాక 80 గ్రాములకు మించకుండా. వాసన లేని నూనె 50 మిల్లీలీటర్లు. ఖర్జూరం నానబెట్టడానికి మరిగిన నీళ్ళు 130 మిల్లీలీటర్లు. కొబ్బరి పాలు 40 మిల్లీలీటర్ల వరకు, పిండిని బట్టి. నిమ్మరసం ఒక పెద్ద చెంచా. బేకింగ్ పౌడరు ఒక చిన్న చెంచా, వంట సోడా పావు చెంచా. చిటికెడు ఉప్పు, యాలకుల పొడి. ఉప్పు మానెయ్యకండి, అది లేకపోతే ఖర్జూరం తీపి చప్పగా ఉంటుంది.

చోడి పిండి ఇంతకంటే పెంచాలని అనిపిస్తుంది, ఆరోగ్యం కదా అని. చోళ్ళలో కాల్షియం నిజంగానే బాగా ఎక్కువ, వంద గ్రాములకి సుమారు 350 మిల్లీగ్రాములు. పాలు పడని పిల్లాడికి అది మంచిదే. కానీ చోళ్ళలో గ్లూటెన్ లేదు. గుడ్డూ లేక, గ్లూటెనూ తగ్గితే కేకుని నిలబెట్టేది ఏముంది? సగానికి సగం వేస్తే ముక్క చేతిలోనే పొడి పొడి అయిపోతుంది. నేను చెప్పిన కొలత దాటకుండా చూసుకోండి. పిండి తాజాగా ఆడించుకోండి. నిలవున్న చోడి పిండి చేదు, ముక్కిన వాసన రెండూ కేకులో బయటపడతాయి. పంచదార ఉన్న కేకులో ఆ చేదు కప్పుకుపోతుంది, ఇందులో దాగదు.

ఖర్జూరం మీద మరిగిన నీళ్ళు పోసి అరగంట ఉంచండి. ఆ నీళ్ళతో సహా మెత్తగా రుబ్బండి, పారబోయకండి. తొక్కలు మిగిలితే బాబు గొంతులో అడ్డుపడతాయి, జల్లెడలో వడకట్టడం మేలు. అందులోనే అరటిపండు, నూనె, కొబ్బరి పాలు వేసి ఇంకోసారి తిప్పండి. పిండి, సోడా, బేకింగ్ పౌడరు, ఉప్పు విడిగా రెండుసార్లు జల్లించుకోండి. ఓవెను వేడెక్కి సిద్ధంగా ఉన్నప్పుడే తడిదాంట్లో నిమ్మరసం కలిపి, పొడి పిండి వేసి, గరిటెతో అడుగునుంచి పైకి ముప్పై సార్లు తిప్పితే చాలు. చిన్న ఉండలున్నా ఫర్వాలేదు. చపాతీ పిండిలా ఎంత కలిపితే అంత సాగుతుంది. నిమ్మరసం సోడాకి తగిలిన క్షణం నుంచే గ్యాసు పోతూ ఉంటుంది. ఆ పిండి అలా ఉంచి సీరియల్ చూసొస్తే పొంగాల్సింది గిన్నెలోనే పొంగిపోతుంది. సోడా ఎక్కువేస్తే ఎక్కువ పొంగుతుందనీ అనుకోకండి, సబ్బు రుచి వస్తుంది.

టిన్నులో పిండి రెండు వేళ్ళ మందం దాటకూడదు. ఈ మొత్తం వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. ఎత్తు కేకు కావాలంటే రెండు పల్చటివి చేసి ఒకదాని మీద ఒకటి పెట్టండి, ఒకే లోతు టిన్నులో పొయ్యకండి. 165 డిగ్రీల్లో 35 నుంచి 40 నిమిషాలు పడుతుంది. పుల్ల గుచ్చి చూడటం ఈ కేకులో నమ్మకమైన పరీక్ష కాదు, ఉడికాక కూడా ఖర్జూరం కొంచెం అంటుకుంటుంది. అంచులు టిన్నుని వదిలాయా, నడిమధ్యలో వేలితో నొక్కితే మళ్ళీ పైకి లేస్తోందా, ఆ రెండూ చూడండి.

తీశాక పది నిమిషాలు టిన్నులో, తర్వాత కనీసం రెండు గంటలు జాలీ మీద. వేడిగా కోస్తే బాగా ఉడికిన కేకు కూడా బంకగానే కనిపిస్తుంది. నిజానికి ఈ కేకు ముందురోజు సాయంత్రం చేసి, మర్నాడు కోస్తేనే బాగుంటుంది.

ఓవెను గురించి ఒక అనుభవం. ఒక మే నెల సాయంత్రం ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెనులో) పెట్టిన కేకు గంటంబావైనా ఉడకలేదు. డయలు మీద 170 ఉంది. వాడిని వీడిని తిట్టుకున్నాక తెలిసింది, సాయంత్రం అందరి ఇళ్ళలో ఏసీలు నడుస్తుంటే వోల్టేజీ పడిపోతోంది, పెట్టెలో వేడి 130 కూడా లేదు. ఓవెను లోపల పెట్టే చిన్న థర్మామీటరు ఒకటి కొన్నాను. వేసవిలో ఇప్పటికీ తెల్లవారుజామునే చేస్తాను. మీదీ మాలాంటి ఊరే కాబట్టి చెప్తున్నాను. ఓవెను లేకపోతే కుక్కరైనా సరే, గ్యాస్కెట్టు, వెయిట్ తీసేసి, అడుగున అంగుళం మందాన ఇసుకో ఉప్పో పోసి, పైన స్టాండు పెట్టి, మధ్య మంట మీద పది నిమిషాలు వేడి చేసి, తర్వాత సన్న సెగ మీద 50 నిమిషాలు. పాత కుక్కరే వాడండి, కొత్తది పాడవుతుంది.

బాబు విషయంలో కొన్ని జాగ్రత్తలు. నేను డాక్టర్ని కాను, మీ పిల్లల డాక్టరుని ఒకసారి అడగండి. నా ఖాతాదారులు నాకు నేర్పినవి మాత్రం చెప్తాను. వీగన్ (జంతువుల నుంచి వచ్చేదేదీ లేని తిండి) అనేది ఒకటి, పాల ఎలర్జీ అనేది ఇంకొకటి. పాకెట్టు మీద ఆకుపచ్చ చుక్క ఉంటే మాంసం, గుడ్డు లేవని అర్థం, పాలు లేవని కాదు. వీగన్ ఆహారానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022లో వేరే నిబంధనలు పెట్టింది, దానికి గుర్తు వేరే ఉంటుంది. ఆ గుర్తు ఉన్నా కింద ఎలర్జీ గురించి రాసిన వాక్యం చదవాలి, ఎందుకంటే అదే ఫ్యాక్టరీలో పాల సరుకు కూడా నడుస్తుండవచ్చు. నేను దెబ్బతిన్నది కొబ్బరి పాల పొడి దగ్గర. కొబ్బరే కదా అని కొన్నాను. ఇంటికొచ్చాక వెనక చిన్న అక్షరాల్లో సోడియం కేసినేట్ అని కనిపించింది. అది పాల నుంచి తీసేదే. అదృష్టం బాగుండి డబ్బా తెరవకముందే చూశాను. అప్పట్నుంచి కొబ్బరికాయ కొట్టి, తురిమి, పిండుకున్న పాలే వాడుతున్నాను. మనకి కొబ్బరికాయ దొరకని రోజుందా?

తేనె వద్దు. తేనె వీగన్ కాదన్న మాట అలా ఉంచండి, ఏడాదిలోపు పిల్లలకి తేనె పెట్టకూడదు, బాట్యులిజం అనే జబ్బు భయం ఉంటుంది. పుట్టినరోజు ముందే రుచి చూపిద్దామన్న పెద్దలు ప్రతి ఇంట్లో ఉంటారు కదా. జీడిపప్పు, వేరుశనగ బాబుకి ఇంతకుముందు పెట్టకపోతే పుట్టినరోజు రాత్రి మొదలుపెట్టకండి. చుట్టాలందరి మధ్యా దద్దుర్లు లేస్తే ఆ టెన్షన్ ఎవరు పడతారు? ఒకవేళ అవి బాబుకి పడినా, పప్పు ముక్కలుగా వద్దు, మెత్తటి పేస్టుగానే. కోకో కూడా బాబు ముక్కలో వద్దు, అందులో కెఫీన్ ఉంటుంది.

ఇప్పుడు తాతగారి సంగతి. ఒక రిటైర్డు మాస్టారికి ఖర్జూరం కేకు చేసి పంపుతూ పెట్టె మీద గర్వంగా 'షుగర్ లేని కేకు' అని రాశాను. ఆయన నమ్మి నాలుగు ముక్కలు తిన్నారు. మర్నాడు వాళ్ళబ్బాయి ఫోను చేశాడు. కోప్పడలేదు, 'ఇందులో ఏం వేశారండీ' అని మాత్రం అడిగాడు. ఆ రోజు నుంచి పెట్టె మీద ఆ మాట రాయను. 'పంచదార కలపలేదు, ఖర్జూరం 120 గ్రాములు ఉంది' అని రాస్తాను.

లెక్క మీరే చూడండి. 120 గ్రాముల ఖర్జూరంలో సుమారు 78 గ్రాముల చక్కెర. అరటిపండులో ఇంకో పది. మొత్తం దాదాపు 88 గ్రాములు. పది ముక్కలు చేస్తే ముక్కకి తొమ్మిది గ్రాముల లోపు, అంటే రెండు చిన్న చెంచాల పంచదారకి సమానం. దాని మీద గోధుమ పిండి ఎలాగూ ఉంది, అదీ ఒంట్లో గ్లూకోజే అవుతుంది. ఇదే సైజు మామూలు కేకులో నేను పిండితో సమానంగా పంచదార వేసేదాన్ని, పైన క్రీములో ఇంకొంత. దానితో పోలిస్తే ఇది సుమారు సగమే. తక్కువే కానీ సున్నా కాదు. తాతగారికి భోజనమయ్యాక ఒక పల్చటి ముక్క, ఆ పూట అన్నం తగ్గించి. ఇంట్లో గ్లూకోమీటరుంటే తిన్న రెండు గంటలకు చూసుకుంటే ఆయనకి ఎంత పడుతుందో ఆయనకే తెలుస్తుంది.

బెల్లం, తాటి బెల్లం, ఈత బెల్లం వేస్తే మంచిదే కదా అని తర్వాతి ప్రశ్న వస్తుంది. రుచికి మంచిదే. రక్తంలో చక్కెర దగ్గర మాత్రం బెల్లానికీ పంచదారకీ పెద్ద తేడా లేదు. బెల్లం వేసి 'నో షుగర్' అని అమ్మేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

స్టీవియా, ఎరిత్రిటాల్ (పంచదార బదులు వాడే ఇంకో తీపి పొడి) కూడా నేను వాడి చూశాను. స్టీవియా చిటికెడు ఎక్కువైతే నాలుక చివర చేదు చాలాసేపు పోదు. ఎరిత్రిటాల్ కేకు తెల్లగా పాలిపోయినట్టు వచ్చింది, మర్నాటికి లోపల పటికలాగా పలుకులు కట్టింది. బరువు తగ్గడానికని స్టీవియా లాంటి తీపి పొడుల మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. షుగరు ఉన్నవాళ్ళకి ఆ సలహా వర్తించదని కూడా అందులోనే ఉంది కాబట్టి తాతగారు వాడాలా వద్దా అన్నది ఆయన డాక్టరు చెప్పాలి.

పండ్లు మార్చి చూడాలనుకుంటే పనస తొనల గుజ్జు అరటిపండు బదులు బాగా కుదురుతుంది, పీచు తీసేసి వాడండి. సీతాఫలం జోలికి వెళ్ళకండి. ఒక అక్టోబరులో సంతలో చవగ్గా వచ్చాయని రెండు కిలోల గుజ్జు తీసి కేకు చేశాను, వేడి తగిలాక చేదెక్కిపోయింది. మొత్తం పారబోశాను. పొద్దుతిరుగుడు గింజలు సోడా ఉన్న కేకులో వేస్తే మర్నాటికి ఆకుపచ్చగా మారతాయి. అది బూజు కాదు, గింజలోని పదార్థం సోడాతో కలిసి అలా అవుతుంది. కానీ కొన్నావిడకి ఆ మాట నచ్చచెప్పడానికి నాకు అరగంట పట్టింది. బీట్రూట్ రసం పిండిలో కలిపితే గులాబీ రంగు పోయి మట్టి రంగు మిగులుతుంది, పైన పూతలో అయితే నిలుస్తుంది.

పూత కావాలంటే: పలాస దగ్గరే కాబట్టి జీడిపప్పు బద్దలు పూర్తి పప్పు కంటే చవగ్గా దొరుకుతాయి. నాలుగు గంటలు నానబెట్టి, నాలుగు ఖర్జూరాలు, కొంచెం చిక్కటి కొబ్బరి పాలతో వెన్నలా రుబ్బితే సరి. బాబుకి జీడిపప్పు అలవాటు లేకపోతే పూత లేకుండా, పైన తాజా కొబ్బరి తురుము, మెత్తటి పండు ముక్కలు పెట్టండి. ఫొటోకి కూడా అదే బాగుంటుంది.

ఇదంతా మోజుగా అనిపిస్తోంది గానీ, మీ ఊళ్ళో రజో పండక్కి (జూన్‌లో వచ్చే ఒడియా పండగ) చేసే పొడ పిఠా ఏమిటి? బియ్యం, మినప్పప్పు రుబ్బి, పులియబెట్టి, కొబ్బరి, బెల్లం కలిపి, అరిటాకు పరిచిన గిన్నెలో కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టి రాత్రంతా మగ్గనిస్తారు. మన దిబ్బరొట్టెకి అన్నగారు. గుడ్డు లేదు, పాలు లేవు, పులిసిన పిండి కాబట్టి సోడా కూడా అక్కర్లేదు. నేను రెండు వంతుల బియ్యానికి ఒక వంతు మినప్పప్పు పోసి రుబ్బి, బెల్లం బదులు ఖర్జూరం గుజ్జు, తురిమిన కొబ్బరి, మిరియాలు, శొంఠి వేసి ఓవెనులో 160 డిగ్రీల్లో గంటపైన ఉంచుతాను. నెయ్యి బదులు నువ్వుల నూనె. మెత్తటి కేకులాగా ఉండదు, కొంచెం బరువుగా, అంచులు కరకరలాడుతూ ఉంటుంది. నిజం చెప్పాలంటే ఇంట్లో పెద్దవాళ్ళు నా ఖర్జూరం కేకు మర్యాదకి తింటారు, దీన్ని అడిగి తింటారు. పెద్దవాళ్ళకి విడిగా ఇది చేసి, బాబు చేత కేకు కోయించొచ్చు. ఇందులోనూ బియ్యం, ఖర్జూరం ఉన్నాయి కాబట్టి తాతగారికి పల్చటి ముక్కే.

నిలవ గురించి: పంచదార నిలవకి కూడా పనికొస్తుంది, అది లేదు కాబట్టి ఈ కేకు మన ఉక్కకి బయట ఒక్క రోజు కంటే ఉండదు. డబ్బాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో మూడు రోజులు, తినే ముందు అరగంట బయట పెట్టండి.

పుట్టినరోజుకి ఇంకా నెల ఉంది కదా, ఈ వారంలో ఒకసారి సగం కొలతతో చేసి చూడండి. మీ టిన్ను ఎన్ని అంగుళాలో, ఓవెనా కుక్కరో రాస్తే కొలతలు దానికి తగ్గట్టు మార్చి చెప్తాను.